ఏప్రిల్ 11 సీమ భోజనం: వచ్చిన డబ్బు ఏ ఊరికి, ఏ దారిన పంపుదాం?

సమన్వయకర్త:
అన్నలకు, అక్కలకు నమస్కారం. హాలు ఖాయమైంది, అడ్వాన్స్ కట్టేశాం. ఈసారి ఉగాది మార్చి 19న, దాని వెంటనే రంజాన్, ఏప్రిల్ 5న ఈస్టర్. మూడు పండుగలూ దాటాక వచ్చే శనివారం ఏప్రిల్ 11. రోజా ఉండేవాళ్లకూ, ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో (లెంట్‌లో) మాంసం ముట్టనివాళ్లకూ ఇబ్బంది ఉండదని ఆ తేదీ పెట్టాం. ఇంగ్లండ్‌లో ఉన్న సీమవాళ్లం ఏటా కలుస్తూనే ఉన్నాం. ఈసారి మిగిలిన ప్రతి పౌండూ అనంతపురం పల్లెలకు పోవాలని అందరం ఒప్పుకున్నాం. ఏ పనికి, ఎవరి చేతుల మీదుగా అన్నది మాత్రం తేలలేదు. ఈ వారంలో తేల్చుకుందాం.

దుప్పట్లు, బియ్యం బస్తాలు పంచుదామని చాలామంది అంటున్నారు. 2009 అక్టోబర్‌లో కర్నూలు మునిగినప్పుడు, 2021 నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డు ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు అదే చేయాలి. ఆ పూటకు కావలసింది అన్నం, బట్ట. ఇప్పుడు మన ముందున్నది వరద కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా, బోరు వేస్తే ఫ్లోరైడ్ నీళ్లు వచ్చే పల్లెలు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా ఎక్కువవుతుంది. ముందు పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు వస్తాయి. ఎముకల సంగతి ఏళ్లు గడిచాక గానీ బయటపడదు.

నా ప్రతిపాదన ఇది. కళ్యాణదుర్గం వైపు దగ్గర దగ్గరగా ఉన్న మూడు ఊళ్లలో ఫ్లోరైడ్ తీసే నీటి ప్లాంట్లు మూతపడి ఉన్నాయి. ఒకటి చర్చి పక్కన, ఒకటి మసీదు కమిటీ స్థలంలో, ఒకటి భజన మందిరం వెనక. పెట్టించినవాళ్లు వేరువేరు, మూతపడ్డ కారణం ఒకటే. నీళ్లను వడకట్టే పొర (మెంబ్రేన్) మార్చడానికీ కరెంటు బిల్లుకూ ఎవరూ డబ్బు పక్కన పెట్టలేదు. వాటిని బాగుచేయించి, మూడేళ్ల నిర్వహణ ఖర్చు ముందే కట్టిపెడదాం. కొత్త ప్లాంటు వద్దు, రిబ్బన్ కత్తిరింపు అసలే వద్దు.

సేవ మొదలుపెట్టడం, నిలబెట్టడం వేరువేరు పనులని మన జిల్లాకు బాగా తెలుసు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చాడు. జెస్యూట్‌ అనే క్యాథలిక్ సన్యాసుల సంఘం మనిషిగా మన దేశానికి వచ్చి, తర్వాత ఆ సంఘాన్ని వదిలేశాడు. 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నాడు. ఆయన పెట్టిన సేవా సంస్థ ఆర్డీటీ కట్టిన ఇళ్లను ఆడవాళ్ల పేరు మీద రాయించారు, ఆ ఒక్క కాగితంతో ఇంట్లో వాళ్ల మాటకు విలువ పెరిగింది. ఆ సంస్థ బత్తలపల్లి ఆసుపత్రి సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇక సత్యసాయి తాగునీటి పథకం 1990ల నడుమ ఏడు వందలకు పైగా ఊళ్లకు నీళ్లు తెచ్చింది. 1999లో తపాలా శాఖ దాని మీద స్టాంపు వేసింది. అంత పెద్ద పథకానికి కూడా పైపులు వేయడంతో పని అయిపోలేదు. పంపులు నడిపే కార్మికులు జీతాలు అందక సమ్మెకు దిగితే ఊళ్లకు నీళ్లు ఆగిన వార్తలు అందరం చదివాం. అందుకే నేను అడిగేది ఒకటే: మూడో ఏడాది ఆ పంపు ఎవరు నడుపుతారు, అతనికి జీతం ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు జవాబున్న పనికే మన డబ్బు పోవాలి.

ప్రచారం కమిటీ:
అన్నా, పని మంచిదే. చర్చి, మసీదు, మందిరం అని పోస్టర్ మీద వేస్తే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీస్తారు. ‘నీళ్లిచ్చి మతం మారుస్తారా’ అని ఒకరు, ‘మా వాళ్ల ప్లాంటుకు తక్కువ ఎందుకు ఇచ్చారు’ అని ఇంకొకరు. ప్రభుత్వ బడి ద్వారా చేస్తే ఈ టెన్షన్ ఉండదు కదా?

సమన్వయకర్త:
అక్కా, ఆ భయం ఊరికే వచ్చింది కాదు, కరువుల చరిత్రలోనే ఉంది. ధాత కరువులో, అంటే 1876-78లో, ఒంగోలు వైపు క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూలి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆయన మత ప్రచారకుడే, అయినా ఆ గీత గీసుకున్నాడు. మనమూ గీసుకుందాం. నీళ్లకు వచ్చినవాళ్లను కులం, మతం అడగకూడదు. ప్లాంటు గదిలో ప్రార్థన పుస్తకాలు, కరపత్రాలు ఉండకూడదు. మూడు కమిటీలూ ఇది రాసి సంతకం చేస్తేనే పని మొదలు.

అయినా ఆ స్థలాలను వదులుకోవద్దంటాను. బడికి సాయంత్రం తాళం పడుతుంది, వేసవి సెలవులు ఉంటాయి. గుడి, మసీదు, చర్చి దగ్గర ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు. ఉగాదికి దేవుని కడపలో వెంకన్నకు ముస్లింలు కొబ్బరికాయ కొట్టే సీమ మనది. గూగూడు కుళ్లాయిస్వామి పీరు ముందు హిందువులు మొక్కుకునే జిల్లా మనది. ఆ ఊళ్లవాళ్లు ఒకరి ప్లాంటులో ఒకరు బిందె నింపుకోవడానికి జంకరు. జంకేది దూరాన ఉన్న మనమే.

ట్రెజరర్:
డబ్బు పంపే దారి గురించి నేను చెప్పేది దయచేసి అందరూ చివరిదాకా చదవండి. సంఘం పేరున వసూలైన డబ్బు భారత చట్టం ప్రకారం విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని చర్చికి, మందిరానికి, మసీదు కమిటీకి మనం నేరుగా పంపకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టుకు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోని దాని ఎఫ్‌సీఆర్ఏ ఖాతాకే పంపాలి. 2020 సవరణ తర్వాత ఆ ట్రస్టు మన డబ్బును ఇంకో సంస్థకు మళ్లించకూడదు కూడా. కాబట్టి మరమ్మతు ట్రస్టే స్వయంగా చేయించాలి, బిల్లులు దాని పేరు మీదే ఉండాలి. అదే సవరణతో ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదన్న పరిమితి వచ్చింది. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యూ కావాలి. డబ్బు పంపే రోజున అది చెల్లుబాటులో ఉందో లేదో నేనే చూసి ఇక్కడ పెడతాను.

భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. బ్రిటిష్ పాస్‌పోర్ట్ తీసుకుని, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు ఇస్తే వస్తుంది. ‘ఇండియాలో ఉన్న నా ప్రవాసుల (ఎన్ఆర్ఈ) ఖాతాలో వేయండి, నేను పంపిస్తా’ అని మంచి మనసుతో ఎవరైనా అన్నా ఒప్పుకోవద్దు. రేపు సమాధానం చెప్పుకోవాల్సింది వాళ్లే.

ఇంకొకటి. భోజనం టికెట్ మీద గిఫ్ట్ ఎయిడ్, అంటే విరాళాల మీద ఇక్కడి ప్రభుత్వం కలిపి ఇచ్చే పన్ను డబ్బు, రాదు, ఎందుకంటే దానికి బదులు భోజనం పెడుతున్నాం. విడిగా ఇచ్చిన విరాళానికి, ఇచ్చినవాళ్లు ఇక్కడ పన్ను కట్టేవాళ్లయితే, పౌండుకు 25 పెన్నీలు అదనంగా వస్తాయి. టికెట్ల బల్ల, విరాళాల బల్ల వేరువేరుగా పెట్టండి. విరాళాల బల్ల దగ్గర డిక్లరేషన్ ఫారాలు, నాలుగు పెన్నులు ఉండాలి.

వంటల కమిటీ:
మెనూ: రాగి సంగటి, నాటుకోడి పులుసు, గుత్తివంకాయ, ఉగ్గాని బజ్జీ, ఓళిగలు. కోడి హలాల్ షాపు నుంచే. శాకాహారం వడ్డించేచోటు, గరిటెలు వేరు.
అసలు చిక్కు శెనక్కాయలతో. హాలు బడిది, అలర్జీ భయంతో నట్స్ (శెనక్కాయల్లాంటివి) లోపలికి తేవద్దని వాళ్ల నిబంధన. మన గుత్తివంకాయలో శెనక్కాయ పొడి, ఉగ్గాని మీద పుట్నాల పొడితో పాటు శెనగ్గింజలు. అనంతపురం భోజనంలో శెనక్కాయ లేకపోతే బాధగానే ఉంటుంది, కానీ పిల్లల ప్రాణం ముందు. వంకాయకు నువ్వులు వాడతాం. ఇక్కడి చట్టంలోని 14 అలర్జీ పదార్థాల్లో నువ్వులు, ఆవాలు, పాలు, గోధుమ కూడా ఉన్నాయి కాబట్టి ప్రతి గిన్నె ముందు చీటీ ఉండాలి. చీటీలు తెలుగులో, ఇంగ్లీషులో రాసేందుకు ఇద్దరు పిల్లలు కావాలి. ఇంట్లో వండి తెచ్చేవాళ్లు దయచేసి పదార్థాల జాబితా మూడు రోజుల ముందే పంపండి.

ధర్మవరం నుంచి:
నిన్న ఆ మూడు ఊళ్లూ తిరిగి వచ్చినాను అన్నా. భజన మందిరం వెనక గదికి తాళం తుప్పు పట్టింది, సర్పంచు మనిషి రాయితో కొట్టి తీసినాడు. ఫిల్టర్ కార్ట్రిడ్జ్ తెల్లగా ఉండాల్సింది ఇటుక రంగులో ఉంది. మెంబ్రేన్ మీద సున్నం పేరుకుపోయింది, సున్నం పట్టకుండా వేసే యాంటీస్కేలెంట్ మందు డబ్బా ఎప్పుడో ఎండిపోయింది. మోటారు మాత్రం బాగుంది. గోడ మీద దాతల పేర్ల ఫలకం కూడా చెక్కు చెదరలేదు. ఊరివాళ్లు ఇప్పుడు ఆటోలో వచ్చే క్యాన్లు కొంటున్నారు. కొనలేనోళ్లు బోరు నీళ్లే తాగుతున్నారు.

ఒక ముసలామె నన్ను ఆపి అడిగింది: ‘బాగుచేసి మళ్లీ పోతారా, ఉంటారా?’ ప్లాంటు నడపడానికి ఊరి పొదుపు సంఘం ఆడవాళ్లు ముందుకొచ్చినారు. క్యాన్‌కు కొద్దిగా తీసుకుని లెక్క రాస్తామంటున్నారు. బయటికి పోయే వృథా నీళ్లు దాదాపు సగం ఉంటాయి, వాటిలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ. గొర్రెలు తాగకుండా తొట్టికి మూత పెట్టించి, మరుగుదొడ్లకు, బండలు కడగడానికి వాడుకోవాలని చెప్పినాను. ఫోటోలు పంపుతున్నా. మనుషుల ముఖాలు తీయలేదు, మెషీన్లవి మాత్రమే.

సమన్వయకర్త:
తమ్ముడూ, ఆ ఫోటోలే హాలులో తెర మీద వేద్దాం. పేదవాళ్ల ముఖాలు చూపించి విరాళం అడగడం నాకు ఇష్టం లేదు. తుప్పు పట్టిన తాళం, ఇటుక రంగు కార్ట్రిడ్జ్ చూపించి, ఇది మార్చాలి, ఇంత ఖర్చు, మూడేళ్లు నడపడానికి ఇంత అని చెబుదాం.

పొదుపు సంఘం అక్కలతో ఆదివారం మధ్యాహ్నం ఇక్కడి టైము 12కి వీడియో కాల్ పెట్టు, నెట్‌వర్క్ అందకపోతే మామూలు ఫోనైనా చాలు. ధర, లెక్కల పుస్తకం, మరమ్మతుకు ఎవరిని పిలవాలి అన్నవి వాళ్లనే చెప్పనిద్దాం. ట్రెజరర్ అన్నా, ట్రస్టు నుంచి మూడు ప్లాంట్లకూ విడివిడి కొటేషన్లు, నిర్వహణ ఒప్పందం ముసాయిదా ఈ శుక్రవారానికి తెప్పించండి. దుప్పట్లే పంచాలనుకునేవాళ్లు ఇంకా ఉంటే ఇక్కడే రాయండి, ఆదివారం కాల్‌కు ముందే మాట్లాడుకుందాం. విరాళాల బల్లకు ఇద్దరు, చీటీలకు ఇద్దరు పిల్లలు, పాత్రలు కడగడానికి ఆరుగురు కావాలి. పేర్లు కింద ఇవ్వండి.