తేలికపాటి రెడ్ వైన్: బోజొలేలో ఏది తీసుకోవాలి, ఇంట్లో ఎలా రుచి చూడాలి?

ప్రశ్న:
వగరు పడనివాళ్లకి తేలికపాటి రెడ్ వైన్ కావాలి. షాపులో బోజొలే చూపించారు. ఒక సీసా మీద బోజొలే, ఇంకోదాని మీద బోజొలే విలాజ్, మూడోదాని మీద ఫ్లూరీ అని ఉంది. ఏది మేలు? ఫ్రిజ్‌లో పెట్టాలా?

జవాబు:
మూడూ ఫ్రాన్స్‌లోని బోజొలే ప్రాంతానివే, ద్రాక్ష రకం కూడా ఒకటే: గమే. వగరు తక్కువ, పులుపు ఎక్కువ. ఫ్లూరీ ఊరి పేరు. అలా సొంత పేరుతో అమ్మేవి పది ఉన్నాయి, వాటిని క్రూ అంటారు. మోర్గాన్, మూలాన్ ఆ వాన్ కూడా క్రూలే గానీ బరువుగా ఉంటాయి, మీకు వద్దు. విలాజ్‌తో (ఆ ప్రాంతంలో ఎంపిక చేసిన ఊళ్ల వైన్) మొదలుపెట్టండి, గత రెండు మూడేళ్ల పంటది చూసి తీసుకోండి. నువో అని రాసి ఉంటే అది ఏటా నవంబర్ మూడో గురువారం వచ్చే కొత్త వైన్. దాన్ని దాచకుండా నెలల్లోనే తాగేయాలి.

జవాబు:
చల్లబరచడం తప్పనిసరండీ. 12–14 డిగ్రీలు ఉండాలి. 30 డిగ్రీల గదిలోంచి తీస్తే ఫ్రిజ్‌లో దాదాపు రెండు గంటలు. తొందరైతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి పావుగంట ముంచండి. ఒట్టి ఐసు సీసాకి అక్కడక్కడే తగులుతుంది, నీళ్లుంటేనే చుట్టూ చల్లబడుతుంది. వెచ్చగా తాగితే ఆల్కహాల్ ఘాటు ముక్కుకి కొడుతుంది, మరీ చల్లగా ఉంటే వాసన ముడుచుకుపోయి వగరు పైకి తేలుతుంది.

ముందు ఖాళీ గ్లాసు వాసన చూడండి. సబ్బు, అలమర వాసన ఉంటే మళ్లీ కడగాలి. మూడో వంతే పోసి, కదపకుండా ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూడండి. ఒక గుక్క నోట్లో పది సెకన్లు తిప్పి మింగండి. దవడల దగ్గర నీరూరితే అది పులుపు. చిగుళ్లు పచ్చి వక్క నమిలినట్టు బిగుసుకుంటే వగరు. గమేలో మొదటిది గట్టిగా, రెండోది లీలగా తెలియాలి.

అడిగినవారు:
అరటిపండు వాసన వస్తే పాడైనట్టా? కారం కోడి వేపుడుతో బాగుంటుందా?

జవాబు:
కాదు. గుత్తుల్ని చిదమకుండా కార్బన్ డయాక్సైడ్ నిండిన తొట్టిలో ఉంచితే పులియడం పండు లోపలే మొదలవుతుంది, ఆ వాసన ఆ పద్ధతిది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తేనే బిరడా దోషం. గాలి తగిలినా పోదు, సీసా వెనక్కిచ్చేయండి.

మిరపకారం ఆల్కహాల్ మంటని పెంచుతుంది. వైన్ ముందు రుచి చూసి, తర్వాత వేపుడు తినండి. కారం తగ్గించి మిరియాలతో చేస్తే ఇంకా బాగా కుదురుతుంది. మిగిలింది బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు బాగుంటుంది.