పాత కాగితంపై కొత్త గీతను గుర్తించడం ఎలా?

ప్రశ్న (మైలాపూరు, చెన్నై):
ఐరోపా పాత చిత్రకారుల రేఖాచిత్రాలకు నకిలీలు తయారుచేసేవారు ఆ కాలపు కాగితాన్నే సంపాదించి వాడితే, మ్యూజియంవారు మోసాన్ని ఎలా పసిగడతారో దయచేసి వివరించగలరా?

జవాబు (పెరంబూరు):
ఒక్కోసారి ఆ కాగితమే పట్టిస్తుందండి. ఇంగ్లండుకు చెందిన నకిలీ చిత్రాల తయారీదారు ఎరిక్ హెబ్బార్న్ పాత కాగితం మీదే గీసేవాడు. అయినా 1978లో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి చెందిన కొన్రాడ్ ఓబర్‌హుబర్, పాతకాలపు ఇటలీ కళాకారులైన స్పెరాండియో, కొస్సాల పేర్లతో చెలామణీ అయిన రెండు చిత్రాలు, అంటే తమ దగ్గరున్న స్పెరాండియో చిత్రమూ, న్యూయార్కు మోర్గాన్ లైబ్రరీలోని కొస్సా చిత్రమూ ఒకే రకం కాగితంపై ఉన్నాయని గమనించారు. చిత్రకారులు వేరు, అమ్మిన వ్యాపారి ఒక్కరే. తీగ లాగితే డొంకంతా కదిలి, రెండూ హెబ్బార్న్ నకిలీలేనని తేలింది.

జవాబు (అడయారు):
సిరాను కూడా చూడాలండి. ఇనుము, మాచికాయలతో చేసిన సిరా కాలక్రమాన గోధుమరంగుకు తిరిగి, ఒత్తుగా గీసినచోట కాగితాన్నే తినేస్తుంది. పురుగు తొలిచిన పాత పుటపై ఇప్పుడు గీస్తే సిరా ఆ కన్నం అంచుల్లోకి పాకుతుంది. గీత నిజంగా పాతదైతే, తర్వాత పడిన కన్నం దాన్ని శుభ్రంగా తెంచేస్తుంది. భూతద్దంలో కనిపించే ఈ తేడాకు నేను ఎంతో విలువిస్తాను. తెల్లరంగులో టైటానియం ఉంటే ఆ పూత 20వ శతాబ్దానిదో, ఆ తర్వాతదో.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. మరి నీటిముద్ర (కాగితం తయారీలోనే పడి, వెలుతురుకు పట్టి చూస్తే కనిపించే గుర్తు) ఆ కాలపు వాటితో సరిపోలితే నమ్మవచ్చా?

జవాబు (అడయారు):
అది కాగితం వయసునే చెబుతుందండి, గీత వయసును కాదు.