పది రోజులు చదివి పదిహేను రోజులు వదిలేస్తున్నా, ఏం చేయాలి?

చిక్కడపల్లి బెంచీ:
అందరికీ నమస్తే. డిగ్రీ అయిపోయి మూడేళ్లు, తెలంగాణ సర్కారు ఉద్యోగాల పరీక్ష గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నా. 2024 డిసెంబర్‌లో రాశా, రాలేదు. నా సమస్య సిలబస్ కాదు, నేనే. ఊపు వచ్చిందంటే సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే సీటు పట్టుకుని రాత్రి దాకా లేవను, రోజుకు పన్నెండు గంటలు. అలా ఓ పది రోజులు. తర్వాత ఊళ్లో పెళ్లో, నాకు జ్వరమో వచ్చి ఒక రోజు పోతుంది. ఆ ఒక్క రోజుతో లైన్ తెగి పదిహేను రోజులు పుస్తకం ముట్టను. మళ్లీ మొదలుపెడితే కొత్త టైంటేబుల్, కొత్త రంగుల పెన్నులు, మళ్లీ మొదటి చాప్టర్. సింధు నాగరికత నాకు వచ్చినంత బాగా ఎవరికీ రాదేమో, ఆధునిక చరిత్ర చివరికి మాత్రం ఇంతవరకూ ఒక్కసారి కూడా చేరలేదు. రోజూ చదివేవాళ్లు అసలు ఎలా చదువుతున్నారు?

పొయ్యి పక్కన పుస్తకం:
తమ్ముడూ, సింధు నాగరికత మాట చదివి గట్టిగా నవ్వాను, ఎందుకంటే నాదీ అదే కథ. నేను గ్రూప్-4లో జూనియర్ అసిస్టెంట్‌ని. చదివేటప్పుడు చంటిపిల్ల ఉంది, అందుకని పన్నెండు గంటలు అనే మాటే లేదు. తెల్లవారి నాలుగున్నర నుంచి పిల్ల లేచేదాకా, ఎంత దొరికితే అంత. కొన్ని రోజులు గంటన్నర, కొన్ని రోజులు పది నిమిషాలే. ఆ పది నిమిషాల రోజున కూడా పుస్తకం తెరిచేదాన్ని, నిన్న ఎక్కడ ఆపానో అక్కడే. మొదటి చాప్టర్‌కి వెనక్కి పోవడం నిషేధం అని నాకు నేనే పెట్టుకున్నా.

ఇంకోటి. తెలంగాణ ఉద్యమం చదువుతుంటే, అప్పటి ఆందోళనలు చల్లార్చడానికి ఢిల్లీ నుంచి వచ్చిన అష్టసూత్ర, పంచసూత్ర, ఆరు సూత్రాల పథకాలు మూడూ కలిసిపోయేవి. కూర్చుని ఒకే రోజు ఇరవై సార్లు చదివినా వారానికి మళ్లీ గందరగోళం. ఒక కాగితం మీద 8 - 1969 ఏప్రిల్, 5 - 1972 నవంబర్, 6 - 1973 సెప్టెంబర్ అని రాసి పొయ్యి పైన గోడకి అంటించా. పాలు పొంగేదాకా దాన్నే చూస్తూ నిలబడేదాన్ని. అలా నెల రోజులు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తా, ఉద్యోగంలో దాంతో ఏ పనీ లేకపోయినా.

ఆదివారం మాక్:
అక్క చెప్పింది నిజమే కానీ నేను కొంచెం అడ్డం మాట్లాడతా, ఏమీ అనుకోవద్దు. రెండేళ్లు నేను ఒక్క రోజు తప్పకుండా చదివాను. రోజూ పేపర్, రోజూ నోట్స్, క్యాలెండర్ మీద టిక్కులు. పరీక్ష హాల్లో రెండున్నర గంటల్లో 150 బిట్లు పెట్టేసరికి చివరి ముప్పై ప్రశ్నలు చదవకుండానే బబ్లింగ్ చేశా, అంటే జవాబు పత్రంలో ఏదో ఒక గుండ్రం నింపేశా. రోజూ చదివా సరే, చదివింది వచ్చిందో లేదో రెండేళ్లలో ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం గడియారం పెట్టుకుని ఒక పేపర్ రాస్తా, సోమవారం మొత్తం తప్పులతోనే సరిపోతుంది.

ఇంకో చేదు మాట. 2024 డిసెంబర్‌లో జరిగిన గ్రూప్-2లో పోస్టులు 783, దరఖాస్తులు ఐదున్నర లక్షలు. రోజూ చదివితే ఉద్యోగం గ్యారంటీ అని ఎవడైనా అంటే వాడి దగ్గర కోచింగ్ ఫీజు రసీదు పుస్తకం ఉందేమో చూడు. నేనైతే పొద్దున ఒక చిన్న ఉద్యోగం చేసుకుంటూనే చదువుతున్నా. దాంతో ఇంట్లో వాళ్ల టెన్షన్ సగం తగ్గింది, నాదీ తగ్గింది.

ఇరానీ చాయ్:
ముందు ఆ రంగుల పెన్నులు కొనడం ఆపు బ్రో. టైంటేబుల్ గీసే రోజు చదివినట్టు లెక్క కాదు. నాకు తెలిసి ఆ పనికి నేనే మూడు నెలలు పెట్టాను.

చిక్కడపల్లి బెంచీ:
అందరికీ థ్యాంక్స్. ఆదివారం మాక్ అన్నా, ఆ ముప్పై ప్రశ్నల సంగతి నాకూ జరిగింది, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇవాళ అమ్మ ఫోన్, కరెంటు పోవడం, అన్నీ అయ్యాయి, చదివింది నాలుగు పేజీలే. మామూలుగా అయితే ఇక రేపటి నుంచి అని పడుకునేవాణ్ని. పేజీ మూల మడిచి పెట్టా, రేపు అక్కడి నుంచే. అక్కా, ఆ గోడ మీది కాగితం ఇంకా ఉందా, ఉంటే ఫోటో పెట్టగలరా?

పొయ్యి పక్కన పుస్తకం:
ఉంది తమ్ముడూ, కానీ 1972 మీద పోపు చిట్లి పసుపు మరక పడింది. నువ్వే ఒకటి రాసుకో, రెండు నిమిషాల పని.