అప్‌డేట్: రెండు ఎకోల్లో ఈఎఫ్ 62, 52 – తేడా ఎక్కడ వచ్చింది?

ఒకే పేషెంటుకు వారం తేడాతో తీసిన రెండు ఎకో (గుండె అల్ట్రాసౌండ్) రిపోర్టుల్లో ఈఎఫ్ (ఎడమ జఠరిక, అంటే గుండె ఎడమ కింది గది, తనలోని రక్తంలో ఒక్కో బీట్‌కు బయటికి పంపే శాతం) పది పాయింట్లు ఎందుకు తగ్గిందని అడిగాను. గుండె బలహీనపడలేదు, మొదటి కొలతే తప్పు. అందులో ప్రోబ్ (ఛాతీపై ఆనించే స్కాన్ పరికరం) ఉండాల్సిన చోటికి ఒక పక్కటెముక సందు ఎగువన ఉండిపోయి, ఎడమ జఠరిక పొట్టిగా, కొన గుండ్రంగా కనిపించింది. అలా కుదించుకుపోయిన బొమ్మలో ఈఎఫ్ తరచూ ఎక్కువగానే వస్తుంది.

రెండోసారి పేషెంటును ఎడమ పక్కకు తిప్పి, ఎడమ చెయ్యి తలపైకి పెట్టించి, ఊపిరి వదిలాక ఆపమన్నారు. ప్రోబ్ ఒక సందు కిందకి జరిపారు. గుండె నాలుగు గదులు కనిపించే వ్యూ, రెండు గదులు కనిపించే వ్యూ రెండింటిలోనూ జఠరిక లోపలి అంచు గీసి, దాన్ని పలుచని బిళ్లలుగా విడగొట్టి ఘనపరిమాణం తీసే సింప్సన్ పద్ధతిలో లెక్కించారు. రెండు వ్యూల్లో జఠరిక పొడవు తేడా 10 శాతం లోపే ఉండాలి. ఇది తప్పక చూడండి. పాపిల్లరీ కండరాలను (జఠరిక గోడ నుంచి లోపలికి పొడుచుకొచ్చేవి) గీత లోపలే వదలాలి. గుండె లయ తప్పి కొట్టుకుంటుంటే కనీసం 5 బీట్ల సగటు తీయాలి.

మగవారికి 52 నార్మల్ పరిధిలోనిదే. ఆడవారికైతే ఆ పరిధి 54 నుంచి.