దిశ మార్చకుండా సాగే నౌక: అనంతమైన చుట్లు, పరిమితమైన పొడవు

ప్రశ్న:
భూమధ్యరేఖ నుంచి బయలుదేరిన నౌక ఎప్పుడూ ఉత్తరానికి 45 డిగ్రీలు తూర్పుగానే సాగితే, దాని మార్గం ధ్రువం చుట్టూ అనంతంగా చుట్లు తిరుగుతుందని, అయినా ఆ మార్గం పొడవు పరిమితమేనని చదివాను. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? దారిలో నేల అడ్డురాదనే అనుకుందాం.

మొదటి జవాబు:
పొడవు సంగతి తేలిక. నౌక ఎక్కడున్నా, అది కదిలిన ప్రతి కిలోమీటరులో ఉత్తరంగా జరిగేది 45 డిగ్రీల కొసైన్ వంతు, అంటే సుమారు 0.707 కిలోమీటరు. ధ్రువం దాదాపు 10,000 కిలోమీటర్ల దూరంలో ఉంది కనుక మొత్తం ప్రయాణం 14,142 కిలోమీటర్లకు మించదు.

ఆసక్తికరమైనది చుట్ల లెక్క. అక్షాంశ వృత్తాల చుట్టుకొలత అక్షాంశపు కొసైన్‌ను అనుసరించి తగ్గుతుంది కాబట్టి, తూర్పుగా జరిగిన అదే కిలోమీటరు పైకి పోయేకొద్దీ ఎక్కువ రేఖాంశాలను దాటిస్తుంది. వాటన్నిటినీ కూడితే సీకెంట్ (ఒకటిని కొసైన్‌తో భాగిస్తే వచ్చే విలువ) సమాకలనం, అంటే దాని చిన్న చిన్న ముక్కల మొత్తం, వస్తుంది. అక్షాంశంలో సగానికి 45 డిగ్రీలు కలిపి, ఆ కోణపు టాన్ విలువకు సహజ సంవర్గమానం తీసుకుంటే, ఈ నౌక దాటిన రేఖాంశం రేడియన్లలో తెలుస్తుంది. 60 డిగ్రీల అక్షాంశం చేరేసరికి అది 75.5 డిగ్రీలే. మొదటి చుట్టు పూర్తయ్యేసరికి ధ్రువం ఇంకో 24 కిలోమీటర్లే ఉంటుంది, రెండోది ముగిసేసరికి 44 మీటర్లు, మూడోదానికి 8 సెంటీమీటర్లు. మిగిలిన చుట్లన్నీ ఆ 8 సెంటీమీటర్లలోనే ఇమిడిపోవాలి. నౌకను బిందువుగా ఊహించకపోతే ఈ మాటకు అర్థమే లేదు.

రెండో జవాబు:
పటంలో ఈ మార్గం సరళరేఖగా కనబడేలా 1569లో పటాల రూపకర్త మెర్కేటర్ అక్షాంశాల మధ్య ఎడాన్ని పెంచుతూ పోయాడు. ఆ ఎడాలకు ఆంగ్ల గణితజ్ఞుడు ఎడ్వర్డ్ రైట్ 1599లో సీకెంట్‌లను వరసగా కూడి పట్టిక ప్రచురించాడు. అప్పటికి సంవర్గమానాలు ఇంకా వెలుగు చూడలేదు. 1640లలో హెన్రీ బాండ్ ఆ అంకెలు టాన్ సంవర్గమానాలతో సరిపోలడం గమనించాడు. నిరూపణ 1668లో స్కాట్లండ్ గణితజ్ఞుడు జేమ్స్ గ్రెగరీ ఇచ్చాడు. నిరూపణకు ముందే పట్టిక వాడుకలోకి వచ్చిందన్నమాట.

మూడో జవాబు:
మొదటి జవాబులోని పద్ధతి సరిగ్గా తూర్పుకో పడమరకో సాగే నౌకకు పనికిరాదు. 90 డిగ్రీల కొసైన్ సున్నా, అంటే ఆ నౌక ఉత్తరంగా జరగనే జరగదు. అక్కడ అక్షాంశ వృత్తం మీదనే కొలవాలి. 60 డిగ్రీల అక్షాంశం మీద 180 డిగ్రీల రేఖాంశాలు దాటడానికి 10,000 కిలోమీటర్లు పడితే, ధ్రువం మీదుగా పోయే మహావృత్తానికి (గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి) 6,667 చాలు. అందుకే దూర ప్రయాణాల్లో నావికులు మహావృత్తాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో మాత్రమే దిశను స్థిరంగా ఉంచుతారు.