యాసంగి కోతల ముందు బేలర్ తయారీ: ఎడమ పక్క ముడి పడతలేదు (చర్చ)

శంకర్‌పల్లి_రైతు:
అన్నలకు నమస్తే. మాది నలుపలక కట్టల బేలర్ (గడ్డిని కట్టలు కట్టే మిషన్), రెండు దారాలది. వానాకాలం కోతలైనంక కొట్టంల పెట్టినం, మళ్ల ముట్టుకోలే. ఇంకో మూడు వారాలల్ల మా దిక్కు హార్వెస్టర్లు దిగుతయి, అందుకే నిన్న బయటికి గుంజి పాత గడ్డి ఏసి చూసిన, కుడి పక్క ముడి మంచిగనే పడుతుంది, ఎడమ పక్క మాత్రం పదింటికి నాలుగు కట్టలు ఊడిపోతున్నయి. మెకానిక్ చూసి నాటర్ (దారానికి ముడేసే భాగం) మొత్తం మార్చాలన్నడు. అంత ఖర్చు పెట్టేముందు ఇక్కడ అడుగుదామనుకున్న.

చేవెళ్ల_ట్రాక్టర్:
తమ్మీ, ఇప్పుడే మార్చకు. ఊడిన కట్ట దారం చేతిలకు తీస్కొని కొసలు చూడు, సగం సంగతి అక్కడనే తెలుస్తది. ముడి ఒక కొసకే ఉండి రెండో కొస నున్నగ ఉంటే దారం పట్టుకునే డిస్కుల నుంచి జారిపోతున్నట్టు, స్ప్రింగు పట్టు చాలట్లే. కొస పీచులు పీచులుగ చిరిగితే పట్టు ఎక్కువై నలిగి తెగుతున్నట్టు. ఆ స్ప్రింగు బోల్టు పావు చుట్టు తిప్పి ఒక కట్ట కట్టి చూడు, మళ్ల పావు చుట్టు. ఒక్కసారే బిగిస్తే ఏది ఎక్కడ చెడిందో నీకే తెల్వకుంటైతది. ఇంకోటి, సుతిలి మార్చినవా ఈసారి?

ఘట్‌కేసర్_బర్లు:
నాకు పోయినేడు గిట్లనే అయింది, కాకపోతే నాది తుప్పు. బిల్‌హుక్ అని పక్షి ముక్కు లెక్క ఉంటది గదా, దాని మీద బొటనవేలు పెట్టి రుద్దితే గరుకుగ తగిలింది, వేలికి ఎర్ర పొడి అంటింది. ముడి పడుతుంది గాని ముక్కు మీదికెళ్లి జారతలేదు, అక్కడనే ఇరుక్కొని తెగుతుంది. సన్న ఎమరీ పేపర్‌తో అద్దం లెక్క అయ్యేదాక రుద్దిన, నూనె రాసిన, అంతే. సీజన్ అయిపోంగనే ముక్కుకు గ్రీజు పూసి పెడితే ఈ బాధే ఉండదు. లోపల గడ్డి కూడ మొత్తం తీసెయ్యాలె, నాదాంట్ల ఎలుకలు గూడు పెట్టినయి.

రాణిగంజ్_పానా:
స్పేర్లకు సిటీకి వచ్చెటోళ్లకు ఒక మాట. పాత బేరింగ్ వెంట తెచ్చుకోండి, లేదంటే పక్కన కొట్టిన నంబర్ ఫోటో తీస్కోండి. 6206 ఉందనుకో, చివరి 06ని 5తో గుణిస్తే 30, అంటే షాఫ్ట్ 30 మిల్లీమీటర్లు. సీల్ ఉన్న రకం అడగండి, గడ్డి దుమ్ములో అదే ఆగుతుంది. షీర్ బోల్ట్ తెగితే దాని జాగల ఇంట్లో ఉన్న గట్టి బోల్టు మాత్రం వెయ్యొద్దు. అది తెగడానికే పెట్టిన బోల్టు, తెగకపోతే నీడిల్ (దారం అందించే పెద్ద సూది) వంగుతది, గేర్‌బాక్స్ పోతది. నెలలు నిలబడ్డ బండికి స్లిప్ క్లచ్ (లోడు ఎక్కువైతే జారే క్లచ్) ప్లేట్లు కూడ తుప్పుతో అతుక్కుంటయి. స్ప్రింగులు వదులు చేసి కాసేపు జారనిచ్చి, బుక్కుల ఇచ్చిన కొలతకు మళ్ల బిగించాలె.

చేవెళ్ల_ట్రాక్టర్:
ముడి టెస్టు చేసేటప్పుడు ట్రాక్టర్ బంద్ చేసి తాళంచెవి జేబుల పెట్టుకో తమ్మీ, పీటీఓ షాఫ్ట్ (ట్రాక్టర్ నుంచి బేలర్‌ను తిప్పే రాడ్డు) ఊడదీసి ఫ్లైవీల్ చేతితోనే తిప్పు. ఆ షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు తిరుగుతది, అంటే సెకనుకు తొమ్మిది, చెయ్యి గుంజుకునే టైం ఉండదు. మా ఊర్ల ఒకాయన నడుస్తున్న పికప్‌ల (నేల మీది గడ్డి ఎత్తే పళ్ల భాగం) గడ్డి పీకబోయి రెండు వేళ్లు పోగొట్టుకున్నడు. పిల్లగాండ్లను దగ్గరికి రానియ్యకు.

శంకర్‌పల్లి_రైతు:
అన్నా నువ్వన్నదే నిజమైంది. పోయిన సీజన్ జనపనార సుతిలి, ఈసారి అగ్గువకొస్తదని ప్లాస్టిక్‌ది తెచ్చిన, అది సన్నగ నున్నగ ఉంది. కొస చూస్తే నున్నగనే ఉంది. పావు చుట్టు చొప్పున రెండుసార్లు బిగించిన, ముక్కు మీద కొద్దిగ తుప్పుంటే అది కూడ రుద్దిన. ఇయ్యాల 30 కట్టలు కట్టిన, ఒక్కటి ఊడలే. మెకానిక్‌కు ఫోన్ చేసి నాటర్ వద్దని చెప్పిన. కాని కట్టకు ఒక పక్క గడ్డి సాపుగ తెగుతలేదు, పీచులు వేలాడుతున్నయి, అదేంది?

ఘట్‌కేసర్_బర్లు:
ప్లంజర్ (లోపల గడ్డిని అదిమే భాగం) కత్తి మొండిదైంది, లేదంటే ఎదురు కత్తికి దానికి సందు పెరిగింది. సాన పట్టించి సందు సరిచెయ్యి, గట్లనే నడిపితే లోడు పెరిగి షీర్ బోల్టులు వరసగ తెగుతయి.

శంకర్‌పల్లి_రైతు:
సరే అన్నా, పొద్దుగాల కత్తి ఇప్పుతా. పికప్ పళ్లు కూడ నాలుగు విరిగినయి, వాటికి సోమవారం రాణిగంజ్ వస్తున్న, పాతది ఒకటి జేబుల పెట్టుకొని.