వర్తూరులో ఫ్లాట్ చూశాం. కొనాలా, ఇంకొన్నాళ్ళు అద్దెలోనే ఉండాలా?

నరసరావుపేట అమ్మాయి, మున్నేకొలాల:

అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో బెంగళూరు వచ్చాం. మా ఆయన ఆఫీసు బెళ్ళందూరు, నాది వైట్‌ఫీల్డ్. అద్దె 34 వేలు, మెయింటెనెన్స్ 4 వేలు. వర్తూరు దగ్గర రెండు బెడ్‌రూముల కొత్త ఫ్లాట్ 92 లక్షలు చెబుతున్నారు. చేతిలో 24 లక్షలున్నాయి. "నెలనెలా ఎవరికో పోసే డబ్బు ఈఎంఐ కట్టుకుంటే ఇల్లు మీదవుతుంది కదమ్మా" అని నాన్నగారు రోజూ ఫోన్‌లో అంటున్నారు. పాపకు మూడేళ్ళు. ఏం చేయమంటారు?

ఒంగోలు, ఇప్పుడు హోరమావు:

అమ్మా, ముందు కాగితం మీద లెక్క వేయండి. 30 నుంచి 75 లక్షల లోపు అప్పుకు బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం దాకా ఇవ్వొచ్చు. అంటే మీకు 73 లక్షల 60 వేలు. మిగతా 18 లక్షల 40 వేలు మీవి. స్టాంపు డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌చార్జి. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు చివర్లో 1 శాతం నుంచి 2 శాతానికి పెంచారు. అన్నీ కలిపి దగ్గర దగ్గర 7 లక్షలు. ఇవి బ్యాంకు ఇవ్వదు. మీ 24 లక్షలు ఇక్కడే చాలడం లేదు, ఇంకా కప్‌బోర్డులు, ఫ్యాన్లు కొననే లేదు.

20 ఏళ్ళకు, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఈఎంఐ సుమారు 64 వేలు. మొదటి నెల అందులో 52 వేలు వడ్డీకే పోతుంది. నాన్నగారికి ఈ ఒక్క ముక్క చెప్పండి. అద్దె ఎవరికో పోసినట్టయితే ఆ 52 వేలూ ఎవరికో పోసినట్టే. వడ్డీకి పన్ను మినహాయింపు ఉందని బిల్డర్ మనిషి చెబుతాడు. మీరు ఉండే ఇంటికి ఆ 2 లక్షల మినహాయింపు పాత పన్ను విధానంలోనే.

కర్నూలు, ఇప్పుడు రామమూర్తినగర్:

చెల్లెమ్మా, మీరు అడగలేదు గానీ ఈ మాట చెప్పకుండా ఉండలేను. కొనడానికి డబ్బు చాలదనగానే ఎవరో ఒక బ్రోకర్ "లీజుకు తీసుకోండి" అంటాడు. ఇక్కడ లీజు అంటే ఒకేసారి పది, ఇరవై లక్షలు ఓనర్‌కు ఇచ్చి, అద్దె లేకుండా రెండు మూడేళ్ళు ఉండి, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కి తీసుకోవడం. వినడానికి ఎంత బాగుంటుందో!

2018లో మేం 18 లక్షలు ఇచ్చి మూడేళ్ళకు తీసుకున్నాం. ఊళ్ళో పొలం అమ్మగా వచ్చిన డబ్బు. ఓనర్ ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. మా అమ్మకు కాఫీ ఇచ్చి "మీరు మనవాళ్ళే" అన్నారు. ఆ మాటతోనే ఐదు వందల స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టేశాం. రిజిస్ట్రేషన్ లేదు, ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తీయించలేదు.

రెండో ఏడు ఒక ఉదయం అమ్మ ముగ్గు వేయడానికి గేటు తీసింది. గేటు పక్క గోడకు ఇద్దరు మనుషులు నోటీసు అంటిస్తున్నారు. జిగురు ఇంకా తడిగా ఉంది, కిందికి కారుతోంది. ఒకాయన దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకుంటున్నాడు. అమ్మకు ఇంగ్లీషు రాదు. నన్ను లేపి "ఏదో కాగితం రా" అంది. ఇల్లు తాకట్టులో ఉంది, బాకీ కట్టలేదు, బ్యాంకు స్వాధీనం చేసుకుంటోంది. ఓనర్‌కు ఫోన్ చేస్తే "రేపు మాట్లాడతా", మర్నాడు "ఊళ్ళో లేను".

లాయర్ ఒకే ప్రశ్న అడిగారు. "మీ లీజు ముందా, తాకట్టు ముందా?" తాకట్టే ముందు. పైగా ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాలి, మాది చేయించలేదు. ఖాళీ చేశాం. ఓనర్ వెంట తిరిగి తిరిగి మూడేళ్ళలో 11 లక్షలు రాబట్టుకున్నాం. మిగతా 7 లక్షలు పోయినట్టే. అమ్మ ఇప్పటికీ గేటు దగ్గర ఎవరైనా కొత్తవాళ్ళు నిలబడితే టెన్షన్ పడుతుంది.

కొన్నా, లీజుకు తీసుకున్నా కనీసం 30 ఏళ్ళ ఈసీ తీయండి. తాకట్టు ఉందేమో సెర్సాయ్‌లో, అంటే తాకట్ల కేంద్ర రిజిస్ట్రీలో కూడా చూడండి, కొద్ది ఫీజుతో ఎవరైనా వెతకొచ్చు.

చిత్తూరు, 2006 నుంచి బెంగళూరు, సొంత ఇల్లు కగ్గదాసపుర:

కర్నూలు తమ్ముడు చెప్పింది చదివి బాధేసింది. కానీ ఆ భయంతో ఈ అమ్మాయి కొనడమే మానేయకూడదు. సొంతిల్లు లేనప్పుడు మేం తొమ్మిదేళ్ళలో ఐదు ఇళ్ళు మారాం. పదకొండు నెలలు కాగానే అద్దె పెంచడం, ఖాళీ చేసిన ప్రతిసారీ పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో ఒక నెల అద్దె కోత. మావాడు రెండుసార్లు స్కూలు మారాడు. అద్దె ఏటా పెరుగుతుంది, ఈఎంఐ పెరగదు.

ఒంగోలు, హోరమావు:

పెరగదని చెప్పకండి అన్నా. 2022 మే దాకా రెపో రేటు (ఆర్‌బీఐ బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ) 4 శాతం, 2023 ఫిబ్రవరికి 6.5. నా ఈఎంఐ అంతే ఉంచి, అప్పు గడువు ఏళ్ళకు ఏళ్ళు జరిపేశారు. బ్యాంకు మెసేజ్ సరిగా చదవక నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

చిత్తూరు, కగ్గదాసపుర:

ఫ్లోటింగ్ రేటు అప్పుకు ముందుగా కడితే పెనాల్టీ లేదు కదా. బోనస్ వచ్చిన ప్రతిసారీ అసలులో వేశాను, గడువుకు ముందే తీర్చేశాను. ఆస్తిపన్ను ఖాతా కూడా నాది బీ ఖాతానే (అనుమతులు సరిగా లేని ఇళ్ళకు ఇచ్చేది), ఏమీ కాలేదు.

ఒంగోలు, హోరమావు:

మీకు కాలేదు, కానీ కొత్తగా కొనేవాళ్ళకు అలా చెప్పొద్దు. బీ ఖాతా అంటే చాలా బ్యాంకులు అప్పే ఇవ్వవు. అసలు ఖాతా హక్కు పత్రం కాదు, పన్ను పుస్తకంలో మీ పేరు, అంతే. హక్కు సేల్ డీడ్‌తో, దాని వెనక మదర్ డీడ్ (ఆ ఆస్తి మొట్టమొదటి హక్కు పత్రం) నుంచి తెగకుండా వచ్చిన లింకు పత్రాలతో వస్తుంది. 2024 చివరి నుంచి ఈ-ఖాతా, అంటే ఆన్‌లైన్ ఖాతా లేనిదే రిజిస్ట్రేషన్ కూడా కావడం లేదు.

అనంతపురం, ఇప్పుడు వర్తూరు:

నేను ఉండేది అక్కడే కాబట్టి నీళ్ళ సంగతి చెబుతాను. కావేరి తాగునీటి పథకం అయిదో దశ 2024 అక్టోబరులో మొదలైంది, నగరంలో కలిపిన 110 గ్రామాల కోసం. పైపు ఉందంటే రోజూ నీళ్ళొస్తాయని కాదు. ఆ ఫ్లాట్‌కు వెళ్ళినప్పుడు హాలు, బాల్కనీ తర్వాత చూడొచ్చు. వాచ్‌మన్ బకెట్ చూడండి. అడుగున తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటే అది బోరు నీళ్ళు. మార్చి, ఏప్రిల్ నెలల ట్యాంకర్ బిల్లులు అడగండి. 2024 ఎండాకాలంలో మా అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ కోసం తెల్లవారుజామున కాపలా కాశాం. నా మాట వింటే, ముందు వర్తూరులోనే అద్దెకు దిగండి. ఒక వేసవి, ఒక వర్షాకాలం చూసి కొనండి.

నరసరావుపేట అమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. ఈ రోజు బిల్డర్‌కు ఫోన్ చేసి ఓసీ (ఇంట్లో దిగొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) అడిగాను. "వారంలో వచ్చేస్తుంది, ఈలోగా 15 లక్షలు కట్టి ఫ్లాట్ బుక్ చేసుకోండి" అన్నారు.

ఒంగోలు, హోరమావు:

కట్టకండి. బిల్డర్లను నియంత్రించే రెరా చట్టం ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. మీ ఫ్లాట్‌కు అది 9 లక్షల 20 వేలు. ఓసీ రాకముందు కొంటే 5 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, అంటే ఇంకో 4 లక్షల 60 వేలు.

చిత్తూరు, కగ్గదాసపుర:

ఈ విషయంలో ఒంగోలు తమ్ముడి మాటే నా మాట. అమ్మా, శనివారం మళ్ళీ చూడ్డానికి వెళ్తున్నారా? నేనూ వస్తాను, పత్రాల జిరాక్స్‌లు అడిగి ఉంచండి.

నరసరావుపేట అమ్మాయి:

పదింటికి వెళ్తున్నాం అంకుల్. వర్తూరు కోడి దగ్గర కలుసుకుందాం.